దద్దుర్లకు సల్ఫసలజిన్ రాశారు, వాడొచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ): మా అమ్మకు చలికాలం నుంచి ఒళ్లంతా దద్దుర్లు. సాయంత్రం లేస్తాయి, తెల్లారేసరికి పోతాయి, మళ్లీ ఇంకోచోట. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ డోసు పెంచి వాడినా తగ్గలేదు. నిన్న నల్లగొండలో స్కిన్ డాక్టరు సల్ఫసలజిన్ రాశారు. మెడికల్ షాపాయనేమో "ఇది పేగుపూతకు ఇచ్చేది కదా" అన్నాడు. అమ్మ ఇక గోలీ ముట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (మహబూబ్‌నగర్, ఫార్మసిస్టును): షాపాయన అన్నదీ నిజమే, డాక్టరు రాసిందీ తప్పు కాదు తమ్ముడూ. 1940ల్లో స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసం తెచ్చిన మందు ఇది. పెద్దపేగు పూతకు బాగా పనిచేయడంతో ఆ పేరే నిలిచింది. మామూలు అలర్జీ గోలీలకు లొంగని దద్దుర్లున్న 19 మందికి ఇది ఇచ్చిన వివరాలను అమెరికా వైద్యులు 2006లో ప్రచురించారు. 14 మందికి బాగా తగ్గింది. చాలామంది స్టెరాయిడ్లు తగ్గించుకోగలిగారు.

అయితే 19 మంది చాలా తక్కువ. మందు ఇవ్వనివాళ్లతో పోల్చి చూడలేదు, పైగా దద్దుర్లు వాటంతటవే కూడా తగ్గుతాయి. అందుకే ముందు యాంటీహిస్టమిన్లను, అంటే సెట్రిజిన్ లాంటి అలర్జీ గోలీలను, నాలుగింతల డోసు దాకా పెంచి చూస్తారు, తర్వాత ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్. అది మనలాంటి ఇళ్లకు మోయలేని ఖర్చు. మీ డాక్టరు ఇది ఎంచుకోవడానికి అదీ కారణం కావచ్చు.

మొదలుపెట్టే ముందు రక్తకణాలు, లివర్ పరీక్షలు చేయించాలి, తర్వాత కూడా డాక్టరు చెప్పినప్పుడల్లా. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్రం గోలీ ఆపి వెంటనే చూపించాలి. పెదాలు, నాలుక ఉబ్బి ఊపిరాడకపోతే ఏ మందు వాడుతున్నా సరే, నేరుగా ఎమర్జెన్సీకే.

రెండు సంగతులు చెప్పండి. అమ్మ నొప్పుల గోలీలు వేసుకుంటారా? నాట్లప్పుడు, కలుపులప్పుడు మనవైపు చాలామంది డైక్లోఫెనాక్ వేసుకుంటారు, దానితో దద్దుర్లు ఎక్కువవడం ఉంది. ఇంతకుముందు సల్ఫా మందు ఏదైనా పడలేదా?

ఇంకొకరు (దేవరకొండ): నాకు పేగుపూత. ఇదే మందు, తోడుగా ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. మొదట్లో వికారంగా ఉండేది, తిన్నాక వేసుకుంటే తగ్గింది.

ప్రశ్నించినవారు: మోకాళ్లకు గోలీలు వాడుతుంది అన్నా. చాలా ఏండ్ల కింద ఏదో సల్ఫా గోలీకి నోరంతా పుండ్లై, ఒంటి తోలు ఊడిందట. ఇప్పుడే చెప్పింది.

జవాబు (మహబూబ్‌నగర్): అయితే ఒక్క గోలీ కూడా వేయొద్దు. ఇందులో సగం సల్ఫా మందే, పేగుల్లో విడిపోయి రక్తంలో కలుస్తుంది. అలాంటివాళ్లకు ప్రాణం మీదికే రావచ్చు. ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి ఈ మాట చెప్పండి, వేరే మందు రాస్తారు. మోకాళ్ల గోలీ పేరు కూడా చెప్పి, బదులుగా పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి. చీటీ మీద "సల్ఫా పడదు" అని పెద్దగా రాసి పెట్టండి, ఏ దవాఖానకు పోయినా ముందు అదే చూపించండి.