1977 నాటి దొంగచాటు రికార్డింగ్ కేసెట్లు: డిజిటల్‌లోకి ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి?

సైడ్‌బి అడుగుతున్నారు:

అమెరికాలో 1977లో జరిగిన ఒక రాక్ కచేరీని జనంలో కూర్చుని ఎవరో గుట్టుగా రికార్డు చేసిన కేసెట్లు రెండు చేతికొచ్చాయి. రెండూ 90 నిమిషాలవి. ఒకటి మామూలు టేపు, ఇంకోటి క్రోమ్. లేబుల్ మీద తేదీ, ఊరు తప్ప ఏమీ రాసి లేదు. డాల్బీ (టేపు సరసర మోతను తగ్గించే విధానం) వాడారో లేదో, ఇది అసలు టేపో కాపీయో తెలియదు.

ఒక్కసారి వేసి వింటే సింబల్స్ మూగబోయినట్టున్నాయి, మోనోలో వింటే మరీ మొద్దుగా ఉంది. శ్రుతి కాస్త పైకి ఉంది, సైడ్ చివరికొచ్చేసరికి ఇంకా పెరుగుతోంది. ఒక పాట మధ్యలో తెగిపోయింది. వీటిని పదేపదే ఆడించడం ఇష్టం లేదు. ఒక్క విడతలో సరిగ్గా ఎక్కించాలంటే ఏ వరసలో వెళ్లాలి? "ఎలాగోలా ఎక్కించెయ్, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది" అంటున్నారు కొందరు. అది ఎంతవరకు నిజం?

తొలితరం:

ఆ సలహా వినకండి. హెడ్ (టేపుని చదివే భాగం) దగ్గర పోయిన ట్రెబుల్‌ని, అంటే పై స్థాయి శబ్దాలని, ఏ ప్లగిన్ కూడా తిరిగి తేలేదు. ఈక్వలైజర్‌తో పెంచితే పెరిగేది హిస్సే, అంటే టేపు సరసర మోతే.

ముందు కేసెట్‌ని చేత్తో పట్టుకుని, కింది అంచు నుంచి లోపలికి చూడండి. మధ్యలో రాగి రంగు రేకు, దాని మీద చిన్న ఫెల్ట్ ముక్క కనిపించాలి. టేపుని హెడ్‌కి నొక్కి ఉంచేది అదే. కొన్ని కేసెట్లలో రేకు బదులు స్పాంజి ఉంటుంది, ఇన్నేళ్లకి అది పొడైపోయి ఫెల్ట్ ఊడి వస్తుంది. అలాంటప్పుడు శబ్దం అలల్లా వచ్చి పోతుంది. మరలున్న వేరే మంచి కేసెట్ విప్పి, టేపు చుట్టలు రెండూ అందులోకి మార్చడమే మందు. తర్వాత ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి చుట్టండి, చుట్టలు సమంగా కూర్చుంటాయి. అయితే కొసల దగ్గర యంత్రం వేగానికి వదిలేయకండి. లీడర్ (టేపు కొసన ఉండే, రికార్డు కాని ప్లాస్టిక్ ముక్క) అతుకు ఎండిపోయి ఉంటుంది, ఆ కుదుపుకే ఊడుతుంది. చివరి కొన్ని చుట్లు పెన్సిల్‌తో తిప్పడం మేలు.

ఇక అజిముత్, అంటే టేపు నడిచే దారికి హెడ్ ఎంత నిటారుగా ఉందన్నది. మీ టేపు మొద్దుతనానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది, మోనోలో పెరగడమే దానికి గుర్తు. కేసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. అంటే 10,000 హెర్ట్జ్ శబ్దం టేపు మీద 4.76 మైక్రాన్ల పొడవే. ఎడమ, కుడి ట్రాకుల నడిమి గీతల మధ్య దూరం దాదాపు 0.9 మిల్లీమీటర్లు. హెడ్ డిగ్రీలో ఆరో వంతు వాలినా రెండు చానెళ్ల మధ్య 2.6 మైక్రాన్ల తేడా వస్తుంది. అది సగం తరంగం కంటే ఎక్కువ. రెండూ కలిపితే ఆ శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

సరిచేయడం ఇలా. ఆటో రివర్స్ లేని, మూడు హెడ్ల (చెరపడానికి, రికార్డుకి, ఆడించడానికి వేర్వేరు హెడ్లున్న) డెక్ తీసుకోండి. హెడ్లు, రబ్బరు రోలరు శుభ్రం చేయండి. హెడ్లకు 99 శాతం ఐసోప్రొపైల్ చాలు. మోనో చేసి, డాల్బీ ఆపి, సింబల్స్ లేదా చప్పట్లు ఉన్న చోట ఆడించండి. ప్లే హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న మరకి మొదట ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. అప్పుడు అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. చప్పట్లు ముందు గోనెసంచిలోంచి వస్తున్నట్టుంటాయి, ఒక చోట ఉన్నట్టుండి విడివిడి చేతులుగా తెరుచుకుంటాయి. దాటితే మళ్లీ మూసుకుంటాయి. ఆ తెరుచుకున్న చోటే ఆపాలి. ప్రతి సైడ్‌కీ విడిగా చేయాలి, ఎందుకంటే కేసెట్ తిప్పితే టేపు నడిచే దారి మారుతుంది.

ఎంత తిప్పినా రెండు చానెళ్లూ కలవకపోతే అది కాపీ కావచ్చు. కాపీ చేసిన డెక్ హెడ్ వాలు అందులో అచ్చయిపోయి ఉంటుంది. ఒక్కో చానెల్‌కి విడిగా ట్రెబుల్ ఎక్కువ వచ్చే చోట ఎక్కించుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఒక చానెల్‌ని జరపండి. పైన చెప్పిన 2.6 మైక్రాన్లు 55 మైక్రోసెకన్లతో సమానం, 96 కిలోహెర్ట్జ్‌లో సుమారు 5 శాంపిళ్లు. అజిముత్ విషయంలో సాఫ్ట్‌వేర్ చేయగలిగిన మేలు అంతవరకే.

డాల్బీ సంగతి అజిముత్ తేలాకే చూడాలి. ట్రెబుల్ తగ్గిన సిగ్నల్‌ని డాల్బీ తప్పుగా చదివి ఇంకా నొక్కేస్తుంది. తెలియనప్పుడు డాల్బీ లేకుండా ఒకటి, వేసి ఒకటి ఎక్కించి రెండూ దాచండి. క్రోమ్ టేపుకి 70, మామూలు దానికి 120 మైక్రోసెకన్ల ఈక్వలైజేషన్ ఉంటుంది. రెంటికీ తేడా ట్రెబుల్‌లో దాదాపు 4.7 డీబీ. పాత క్రోమ్ కేసెట్ వీపు మీద గుర్తు పట్టే గాడి లేకపోతే డెక్ దాన్ని మామూలుదనుకుంటుంది. అలా జరిగితే చేత్తో మార్చే స్విచ్ ఉన్న డెక్ కావాలి.

హామండ్‌చక్రం:

అజిముత్ గురించి పైన చెప్పినదానికి కలపాల్సిందేమీ లేదు. శ్రుతి గురించి రాస్తాను.

1977లో జనంలోకి చేరిన రికార్డర్లు బ్యాటరీతో నడిచినవి. కోటు కింద దాచిన యంత్రంలో బ్యాటరీ నీరసించేకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రికార్డయిన టేపుని సరైన వేగంతో ఆడిస్తే శ్రుతి పైకి లేస్తుంది. సైడ్ చివర్లో మీకు వినిపిస్తున్నది ఇదే. రెండో సైడ్ మొదట్లో శ్రుతి గభాల్న దిగితే అక్కడ బ్యాటరీలు మార్చారని అర్థం.

కొలిచే ముందు మీ డెక్ వేగం సరిగ్గా ఉందో లేదో 3150 హెర్ట్జ్ టెస్ట్ టేపుతో చూసుకోండి. 3165 చూపిస్తే డెక్కే అర శాతం ఎక్కువ పరుగెడుతోంది. ఆ తప్పు సరిచేయకుండా మిగతాది కొలిచి లాభం లేదు.

తర్వాత పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దాన్ని తీసుకోండి. స్టేజి మీది గిటార్ యాంప్లిఫయర్ల హమ్ అందులో ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 60, 120, 180 దగ్గర గీతలు కనిపించాలి. మైకులు బాగా కింది స్థాయి శబ్దాలను సరిగా పట్టవు కనుక 180 మీద నమ్మకం పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్ ఫైలులో ఎఫ్ఎఫ్‌టీ (శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి చూపే లెక్క) సైజు 131072 పెడితే గీతకీ గీతకీ ఎడం 0.37 హెర్ట్జ్, అంటే 180 దగ్గర 0.2 శాతం. అక్కడ 185.4 కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా ఉంది, అంటే సుమారు పావు స్వరం పైన. ప్రతి అయిదు నిమిషాలకి ఒక కొలత రాసుకుని, ఆ వంపుని బట్టి రీశాంపిల్ చేయండి (వేగాన్నే మార్చడం). లయ మార్చకుండా శ్రుతి ఒక్కటే మార్చే పిచ్ షిఫ్ట్ వాడొద్దు. శ్రుతి, లయ రెండూ కలిసి మారాలి, టేపులో కలిసే మారాయి కాబట్టి.

గిటార్ శ్రుతిని మాత్రం ప్రమాణంగా పట్టుకోకండి. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ లాంటివాళ్లు తీగలు అర స్వరం దించి వాయించేవారు. బ్యాండులో హామండ్ బీ-3 ఆర్గాన్ ఉంటే మాత్రం అదృష్టమే. దాని లోపలి చక్రాలను తిప్పే సింక్రోనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. 60 హెర్ట్జ్ ఉన్నంతసేపూ ఆ ఆర్గాన్‌లో 'ఎ' (A) స్వరం 440 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, వాయించేవాడు మార్చలేడు. రాక్ కచేరీలో అంతకంటే నిక్కచ్చి శ్రుతిపెట్టె దొరకదు.

సైడ్‌బి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఫెల్ట్ రెండింటిలోనూ బాగానే ఉంది. మొదటి కేసెట్‌లో మరని కాస్త తిప్పగానే చప్పట్లు మీరు చెప్పినట్టే విడిపోయాయి. రెండు సందేహాలు. కాపీయా కాదా ఎలా తేల్చాలి? ఎడమ వైపు శబ్దం అప్పుడప్పుడూ తగ్గి పెరుగుతోంది, అది డెక్ లోపమా?

చివరివరస:

పాట తెగిన చోట హెడ్‌ఫోన్‌తో హిస్ వినండి. అసలు టేపైతే సంగీతం, హాలు, హిస్ అన్నీ ఒకేసారి ఆగి లీడర్ వస్తుంది. కాపీ అయితే హాలు ఆగాక ఇంకో సన్నటి హిస్ కొన్ని సెకన్లు సాగుతుంది, అది కాపీ టేపు సొంత హిస్. రెండు మెట్లు వినిపిస్తే రెండు తరాలు.

ఎడమ వైపు తగ్గడం ఒకే చోట, ఆడించిన ప్రతిసారీ వస్తే డెక్ తప్పు కాదు. మైకులు టోపీకో కాలర్‌కో దాచినప్పుడు మనిషి తల తిప్పితే స్టీరియో మొత్తం పక్కకి ఒరుగుతుంది. అది 3 డీబీ దాటితేనే చేత్తో గెయిన్ గీత గీసి సరిచేయండి. కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను దానంతటదే సమం చేసేది) వేస్తే హాలు ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుంది. పక్కవాడి ఈలలు కూడా అంతే, ఒక్కొక్కటిగా 4, 5 డీబీ దించండి. సాఫ్ట్‌వేర్‌తో నాయిస్ రిడక్షన్ (మోత తగ్గించడం) అసలు వద్దు. హిస్‌తో పాటు సింబల్స్ తోక, గది ప్రతిధ్వని పోతాయి. ఇలాంటి టేపులో విలువైనది ఆ గదే.

జనంలోంచి తీసిన టేపంటే నాసిరకమని అనుకోనక్కర్లేదు. కచేరీలను గుట్టుగా రికార్డు చేసిన మైక్ మిల్లార్డ్ అనే అతను నకమిచి 550 రికార్డర్‌ని చక్రాల కుర్చీలో దాచి, ఏకేజీ మైకులతో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో రికార్డు చేసేవాడు. 1975 ఏప్రిల్ 26న అతను తీసిన పింక్ ఫ్లాయిడ్ కచేరీ 2025లో బ్యాండు అధికారిక విడుదలలోనే చేరింది.

తొలితరం:

ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, పీకులు మైనస్ 6 డీబీ దాటకుండా. ఒక కేసెట్‌కి 3.1 జీబీ అవుతుంది. ముట్టుకోని ఆ ఫైలు విడిగా ఉంచండి. సరిచేసిన కాపీని ఫ్లాక్ (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫైలు రకం) చేసి, మైకు నుంచి ఫైలు దాకా తెలిసిన ప్రతి మెట్టూ టెక్స్ట్ ఫైలులో రాయండి. తెలియని చోట తెలియదనే రాయాలి. ఊహించి రాసిన మైకు పేరు ఒక్కసారి బయటికి పోతే ఇక చెరగదు.

పంచుకునే ముందు బ్యాండు విధానం చూడండి. గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లోనే రికార్డు చేసుకునేవాళ్ల కోసం విడిగా సీట్లు కేటాయించింది, అందరూ అలా కాదు. అనుమతి లేని కచేరీ రికార్డింగులను పంచడం, అమ్మడం మీద అమెరికాలో 1994 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. అనుమతిచ్చే బ్యాండయితే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని లైవ్ మ్యూజిక్ విభాగం సరైన చోటు.

తెగిన పాట గురించి: సైడ్ తిప్పిన ఆ కొన్ని సెకన్లు అదే కచేరీని ఇంకో మనిషి తీసిన టేపులో ఉండొచ్చు. దొరికితే దాని వేగం కూడా ఇదే పద్ధతిలో కొలిచి సరిచేశాకే అతికించండి. 1 శాతం తేడా ఉన్నా అతుకు దగ్గర చెవి పట్టేస్తుంది. అతుకు ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర మొదలై ఎక్కడ ముగిసిందో అదే టెక్స్ట్ ఫైలులో పెట్టండి.