తెల్లవారుజామున గుండెదడ: వాయుతత్త్వానికి కపాలభాతి సరిపోతుందా?

ప్రశ్న (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో పదవ తరగతికి గణితం చెబుతాను. మార్చి పరీక్షల కాలం నుంచి తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చి, కారణమేమీ లేకుండానే గుండె దడదడలాడుతోంది. మా అమ్మ దీనిని ‘బుగులు’ అంటుంది; నాకూ అంతకంటే సరైన మాట దొరకలేదు. నాడి చూసిన ఆయుర్వేద వైద్యులు వాతం ప్రకోపించిందని, వాయుతత్త్వం నిలకడపడేందుకు యోగా మొదలుపెట్టమని చెప్పారు. అప్పటి నుంచి ఫోనులో వీడియోలు చూస్తూ, భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ పది నిమిషాలు కపాలభాతి (పొట్టను కుదుపుతూ గబగబా గాలి వదిలే సాధన) చేస్తున్నాను. అది ముగిసేసరికి వేళ్ల కొసలు తిమ్మిరెక్కి, తల తిరిగి, దడ తగ్గకపోగా పెరుగుతోంది. నేను చేసే తీరు తప్పా, లేక ఎంచుకున్న సాధనే తప్పా?

మొదటి జవాబు (యోగా నేర్పుతాను, కాజీపేట)

మేడమ్, తప్పు మీ తీరులో కాదు, ఎంపికలోనే ఉందని నా అభిప్రాయం. పొడితనం, తేలికదనం, చల్లదనం, గరుకుదనం, సూక్ష్మత, చలనం అనేవి ఆయుర్వేదం వాతానికి చెప్పిన గుణాలు. ఏ గుణానికైనా అదే గుణం తోడైతే పెరుగుతుందనీ, ఎదురు గుణంతోనే తగ్గుతుందనీ చెప్పింది కూడా ఆ శాస్త్రమే. అలాంటప్పుడు, ఇప్పటికే అతిగా కదులుతున్న గాలిని పొట్ట కుదుపులతో ఇంకా కదిలించడం వల్ల నెమ్మది ఎలా వస్తుంది? వైద్యశాస్త్రం లెక్కన చూసినా, అవసరానికి మించి వేగంగా గాలి వదిలినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తిరగడం, వేళ్ల తిమ్మిరి దాని ఫలితమే. గాబరా పుట్టినప్పుడు వచ్చే లక్షణాలూ అవే కనుక, మనసు వాటిని భయంగానే పోల్చుకుంటుంది.

కొంతకాలం కపాలభాతిని, భస్త్రికను (వేగంగా గాలి పీల్చి వదిలే ప్రాణాయామాన్ని) పక్కన పెట్టి నాడీశోధన చేయండి. గోడకు వీపు ఆనించి కూర్చొని, బొటనవేలితో కుడి ముక్కును మూసి ఎడమవైపు నాలుగు లెక్కించే దాకా పీల్చండి. తరువాత ఉంగరపు వేలితో ఎడమ ముక్కును మూసి కుడివైపు నుంచి ఆరు లెక్కించే దాకా వదలండి. మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదిలితే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. మధ్యలో ఊపిరి బిగబట్టవద్దు. మీరు లెక్కల టీచరు కదా, సెకనుకొక అంకె చొప్పున ఇది నిమిషానికి ఆరు శ్వాసలు అవుతుందని మీకు చెప్పనక్కరలేదు. ఊపిరి వదిలేటప్పుడు, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. వదలడాన్ని పొడిగించడంలోని కిటుకు అదే. ఆ తరువాత ఐదుసార్లు భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం, చేయండి. (మొదట్లో ఇంట్లో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.) ఆసనాలలో తాడాసనం, పవనముక్తాసనం, కాళ్లు గోడకు చాచి పడుకోవడం ఇప్పటికి చాలు.

రెండవ జవాబు (స్టాఫ్ నర్సు, జనగామ)

ప్రాణాయామం మంచిదే గానీ, ఇన్ని నెలలుగా దడ ఉన్నప్పుడు దానిని వాతమని సరిపెట్టుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా ఇలాగే ఉంటుంది. ముందుగా డాక్టరుకు చూపించి రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకోండి. రాత్రివేళ బుగులు భరించలేనంతగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మూడవ జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, హుజూరాబాద్)

అమ్మా, వర్షఋతువు వాతం ప్రకోపించే కాలం. సాయంత్రం బడి నుంచి వచ్చి ఉత్త ప్యాలాలు, రెండు గ్లాసుల టీతో సరిపెట్టుకునే అలవాటుంటే మానుకో. జొన్నరొట్టె తిన్నా కాస్త నెయ్యి రాసుకుని వేడిగా తిను. ఆదివారం నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, అరికాళ్లకు మరిచిపోకుండా పట్టించుకుని తలంటుకో. అయితే కాజీపేట వారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. శ్వాస చలిస్తే మనసు చలిస్తుందని, శ్వాస నిలిస్తే మనసు నిలుస్తుందని పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో ఉంది. నిలపడమంటే కుంభకమే, ఊపిరి బిగబట్టడమే కదా? దానిని వద్దంటే ఎట్లా?

కాజీపేట నుంచి మళ్లీ

పెద్దవారు, మీ మాటను కాదనను. కానీ సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్లే వాయువును వశపరచుకోవాలని, లేకపోతే అది సాధకుడినే చంపుతుందని మీరు చెప్పిన శ్లోకం ఉన్న అధ్యాయంలోనే ఉంది. దడతో బాధపడుతున్న మనిషికి మొదటి వారంలోనే కుంభకం చెప్పడం నాకు ధైర్యం చాలని పని. నా దగ్గరికి వచ్చేవారిలో ఊపిరి బిగబట్టగానే బెదిరిపోయినవారిని చూశాను.

ప్రశ్న అడిగినవారు, పన్నెండు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. కపాలభాతి మానిన మూడో రోజు నుంచి వేళ్ల తిమ్మిరి రాలేదు. సాయంత్రం టీ ఒక గ్లాసుకు తగ్గింది. ప్యాలాలు మాత్రం మానలేకపోతున్నాను, మాస్టారు మన్నించాలి. మూడున్నరకు మెలకువ ఇంకా వస్తూనే ఉంది. అయితే లేచి ఫోను పట్టుకోకుండా, పడుకునే నాలుగు, ఆరు లెక్కిస్తున్నాను. నిన్న పదిహేడో శ్వాస వరకే గుర్తుంది. మళ్లీ కళ్లు తెరిచేసరికి పాలాయన గేటు కొడుతున్నాడు. థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇచ్చాను, రిపోర్టు సోమవారం వస్తుంది.