ఇంజినీరింగ్ చదివాక నర్సింగ్ వైపు: ప్లేనో నుంచి ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు

ప్లేనో నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ నుంచి అమెరికాలో డాలస్ వైపు, టెక్సాస్‌లోని ప్లేనోకి వచ్చి కొన్ని నెలలే అయింది. నేను జేఎన్‌టీయూలో బీటెక్ చేసి కొన్నేళ్ళు టెస్టింగ్‌లో పనిచేశాను. ఇప్పుడు హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకి ఇచ్చే వీసా) మీద ఉన్నాను, మావారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. మళ్ళీ ఐటీలోకి వెళ్ళాలని లేదు. మా అమ్మకి డయాలసిస్ జరిగిన రోజుల్లో నర్సుల పని దగ్గర్నుంచి చూశాను, అప్పటినుంచీ మనసు ఇటే ఉంది. ఇక్కడ వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి ఏడాది, ఏడాదిన్నరలో బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ) ఇచ్చే యాక్సిలరేటెడ్ కోర్సులు ఉన్నాయని విన్నాను. బాబు ఒకటో తరగతి. ఇంట్లో పెద్దవాళ్ళేమో "ఇంజినీరింగ్ చదివి నర్సుద్యోగమా?" అంటున్నారు. సీటు ఎలా వస్తుంది? వచ్చినా నెగ్గుకు రాగలనా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు, ఇర్వింగ్ నుంచి

అమ్మా, మీరు అడుగుతున్న దారిలోనే నేనూ వచ్చాను. గుంటూరులో డిగ్రీ చేసి, ఇక్కడికొచ్చాక నర్సింగ్ చదివి, ఇప్పుడు గుండె జబ్బుల వార్డులో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అందరూ సీటు దగ్గర మొదలుపెడతారు. మనవాళ్ళు మొదలుపెట్టాల్సింది వీసా దగ్గర. హెచ్4 మీద చదువుకోవడానికి ఏ అడ్డూ లేదు, దానికోసం ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు. ఉద్యోగం చెయ్యాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, కావాలి. 2015లో వచ్చిన రూలు ప్రకారం భర్త ఐ-140 అప్రూవ్ అయితే మీరు దానికి అప్లై చేసుకోవచ్చు. అదే ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అడగండి. కొన్ని రాష్ట్రాల బోర్డులు లైసెన్సు దగ్గర ఆ నంబరు అడుగుతాయి, కొన్ని కాలేజీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గరే అడుగుతాయి. ఎఫ్1 మీద చదివితే నర్సింగ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ కోర్సుల) లిస్టులో లేదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసే అనుమతి, 12 నెలలే. ఆ తర్వాత మామూలు బెడ్‌సైడ్ నర్సు ఉద్యోగానికి హెచ్1బీ దొరకడం చాలా కష్టం, ఎందుకంటే హెచ్1బీకి బ్యాచిలర్స్ తప్పనిసరయ్యే ఉద్యోగం కావాలి, ఇక్కడేమో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో కూడా ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు వస్తుంది. నర్సులకి షెడ్యూల్ ఏ (కొరత ఉన్న ఉద్యోగాల లిస్టు) కింద పెర్మ్ (గ్రీన్ కార్డుకి ముందు లేబర్ శాఖ ఇచ్చే అనుమతి) అవసరం లేదని ఎవరైనా చెబితే అది నిజమే. కానీ ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ-3 గ్రీన్ కార్డు క్యూ అలాగే ఉంటుంది. అందుకే మీకు రాబోయే ఈఏడీ చాలా విలువైనది, చదువు పూర్తయ్యే నాటికి చేతిలో ఉండేలా చూసుకోండి.

ఇక డబ్బు. హెచ్4 వాళ్ళకి ఫెడరల్ లోన్లు, గ్రాంట్లు రావు. గ్రీన్ కార్డు ఉన్నా, ఒకసారి బ్యాచిలర్స్ అయిపోయిన వాళ్ళకి పెల్ గ్రాంటు ఇవ్వరు, ఆ డిగ్రీ ఇండియాదైనా అంతే. ప్రైవేటు యూనివర్సిటీలో యాక్సిలరేటెడ్ కోర్సు ఫీజు 50,000 డాలర్లు దాటడం మామూలే. ప్రభుత్వ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి ఇచ్చే) ఫీజు పడితే భారం బాగా తగ్గుతుంది, కాబట్టి హెచ్4కి ఆ రేటు ఇస్తారా అని రెసిడెన్సీ ఆఫీసులో ముందే ఈమెయిల్ ద్వారా అడిగి, జవాబు దాచుకోండి. ప్రైవేటు లోనుకి సాధారణంగా సిటిజన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు గానీ కో-సైన్ (హామీ సంతకం) చెయ్యాలంటారు.

ఏడాదిలో అయిపోతుందన్న మాట సగమే నిజం. ఆ ఏడాది మొదలవ్వకముందు ప్రీరిక్విజిట్లు, అంటే ముందే చదివి ఉండాల్సిన కోర్సులు, ఉంటాయి: అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇవన్నీ లాబ్‌తో సహా, ఆపైన స్టాటిస్టిక్స్, లైఫ్‌స్పాన్ సైకాలజీ, చాలాచోట్ల కెమిస్ట్రీ, న్యూట్రిషన్. బీటెక్‌లో ఇవేవీ ఉండవు. లెక్కలు, కెమిస్ట్రీ లాంటివి కొన్ని చెల్లుబాటు కావచ్చు గానీ, సైన్సు కోర్సులు ఐదేళ్ళు, ఏడేళ్ళ కంటే పాతవైతే ఒప్పుకోని కాలేజీలు చాలా ఉన్నాయి. మీ దగ్గర్లో కాలిన్ కాలేజీ ఉంది, ఇటువైపు డాలస్ కాలేజీ ఉంది. టెక్సాస్‌లో కోర్సు నంబర్లు అన్ని కమ్యూనిటీ కాలేజీల్లో ఒకటే: అనాటమీ ఫిజియాలజీ అంటే బయాలజీ 2401, 2402. అందువల్ల ఎక్కడ చదివినా యూనివర్సిటీ గుర్తుపడుతుంది. 2401లో బీ వస్తే బాధపడొద్దు, కానీ తేలిగ్గా తీసుకోవద్దు. పోటీ ఉన్న చోట ఈ సైన్సు కోర్సుల జీపీఏనే విడిగా లెక్కగట్టి చూస్తారు.

ఇంకొకటి, ఇది మనవాళ్ళకి చివరి నిమిషంలో తెలుస్తుంది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలో బ్యాచిలర్స్ తీసుకోవాలంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ఆరేసి క్రెడిట్లు ఉండాలని రాష్ట్ర చట్టం. ఇండియా డిగ్రీలో అవి ఉండవు కాబట్టి అప్లై చేసేలోపే పూర్తి చేసుకోండి. కొంత భాగం క్లెప్ (క్లాసుకి వెళ్ళకుండానే క్రెడిట్లు తెచ్చిపెట్టే పరీక్ష)తో కూడా అవుతుంది.

ఇండియా మార్కులకి డబ్ల్యూఈఎస్ లాంటి ఏజెన్సీతో కోర్సు-బై-కోర్సు ఎవాల్యుయేషన్ చేయించాలి, అంటే వాటిని ఇక్కడి క్రెడిట్లు, గ్రేడ్లలోకి మార్పించాలి. ఏ ఏజెన్సీని ఒప్పుకుంటారో ముందు కాలేజీని అడగండి. ఎంట్రన్స్ కాలేజీని బట్టి టీస్ గానీ హెసీ గానీ ఉంటుంది. టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. లెక్కలు మీకు సమస్యే కాదు. సైన్సులో అన్నిటికంటే ఎక్కువగా అనాటమీ ఫిజియాలజీయే వస్తుంది, అందుకే 2402 పూర్తయిన వెంటనే రాసెయ్యండి. కొన్ని కాలేజీలు టోఫెల్ కూడా అడుగుతాయి. అప్లికేషన్ వ్యాసంలో మీ అమ్మగారి డయాలసిస్ గురించి రాస్తారు కదా, అక్కడ మీ బాధ కంటే ఆ నర్సు ఏం చేసింది, అది చూసి మీకేం అర్థమైంది అన్నది ఎక్కువ రాయండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు రెండే చూడండి. సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఇచ్చే అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉందా, ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) పాస్ శాతం ఎంత. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ప్రతి కాలేజీ శాతాన్నీ తన వెబ్‌సైటులో పెడుతుంది. మొదటిసారి రాసినవాళ్ళలో 80 శాతం పాసవ్వాలన్నది వాళ్ళ నియమం. "క్లాసులకి రాకపోయినా ఫర్వాలేదు, మేం చూసుకుంటాం" అనేవాళ్ళ జోలికి వెళ్ళొద్దు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో ఆపరేషన్ నైటింగేల్ పేరుతో బయటపడిన కేసులో 7,600కి పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మినట్టు తేలింది. అవి కొన్నవాళ్ళలో చాలామంది లైసెన్సులు పలు రాష్ట్రాల్లో పోయాయి.

సీటు వచ్చాక మొదటి తలనొప్పి టీకాల కాగితాలు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీ టైటర్లు (ఆ జబ్బుల నుంచి రక్షణ ఉందో లేదో చూసే రక్తపరీక్షలు), టీడాప్, ఫ్లూ టీకాలు, టీబీ పరీక్ష. మనకి చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం కింద సూదితో చేసే టీబీ పరీక్ష పాజిటివ్‌లా కనిపించవచ్చు. అప్పుడు ఎక్స్-రేలు, ఫారాలతో తిరగాలి. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్ష చెయ్యమని మీరే అడగండి, బీసీజీ ప్రభావం దానిమీద పడదు. హెపటైటిస్ బీ డోసులు మళ్ళీ వేయించుకోవాల్సి వస్తే నెలలు పడుతుంది, అందుకే సీటు రాకముందే టైటర్ చూపించుకోవడం మంచిది.

ఇక చదువు. నెగ్గుకు రాగలనా అన్నారు. రాగలరు, కానీ ఎంసెట్‌కి చదివినట్టు చదివితే రాలేరు. అక్కడ నాలుగు ఆప్షన్లలో మూడు తప్పులు. ఇక్కడ నాలుగూ సరైనవే, ఏది ముందు అన్నదే ప్రశ్న. ఒకటి చెబుతాను చూడండి. నలుగురు పేషెంట్లు ఉన్నారు. ఒకరికి ఆపరేషన్ నొప్పి పదికి ఏడు. ఒకరికి భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. ఒకరికి సీఓపీడీ (దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు), రక్తంలో ఆక్సిజన్ 90 శాతం. ఇంకొకరికి తుంటి ఆపరేషనై రెండో రోజు, ఉన్నట్టుండి ఆయాసం, కంగారు. ముందు ఎవరి దగ్గరికి వెళతారు? చాలామంది 90 అంకె చూసి సీఓపీడీ పేషెంటు దగ్గరికి పరుగెత్తుతారు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి 88 నుంచి 92 మధ్య ఉండటం మామూలే. వెళ్ళాల్సింది తుంటి ఆపరేషన్ పేషెంటు దగ్గరికి, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చేరి ఉండొచ్చు. ఇలాంటి ప్రశ్నలు రోజుకి కొన్ని చేసి, ప్రతి తప్పు జవాబూ ఎందుకు తప్పో నోటితో చెప్పుకోండి. నోట్సు తిరగరాయడం కంటే అదే పనికొస్తుంది.

మొదటి సెమిస్టర్‌లోనే ఫార్మకాలజీ, పాథోఫిజియాలజీ, హెల్త్ అసెస్‌మెంట్, ఫండమెంటల్స్ ఒకేసారి మీద పడతాయి. పాస్ మార్కు చాలాచోట్ల 75కి పైనే, అదీ పరీక్షల సగటు మీద. అసైన్‌మెంట్లు ఎంత బాగా రాసినా గట్టెక్కించవు. ఒక కోర్సు పోతే బ్యాచ్ నుంచి వెనకబడినట్టే. మందుల లెక్కల పరీక్ష వేరే ఉంటుంది, అందులో 90 శాతం పైగా రావాలంటారు. ఉదాహరణకి, 154 పౌండ్ల మనిషికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు, కిలో బరువుకి గంటకి 18 యూనిట్లు. 250 మిల్లీలీటర్ల బ్యాగులో 25,000 యూనిట్లు. 2.2తో భాగిస్తే 70 కిలోలు, గంటకి 1,260 యూనిట్లు, పంపులో 12.6 మిల్లీలీటర్లు. లెక్కగా మీకిది చాలా చిన్నది. కానీ చుక్క మరిచిపోయి 126 కొడితే ఆ మనిషి రక్తస్రావంతో చచ్చిపోవచ్చు. అందుకే ఇక్కడ పార్షియల్ మార్కులు ఉండవు, అలా ఉండకపోవడమే న్యాయం.

క్లినికల్స్ 12 గంటలు, పొద్దున్న ఏడుకి ముందే వార్డులో ఉండాలి. స్నానం చేయించడం, బెడ్‌పాన్ పెట్టడం, మగ పేషెంట్లకి కాథెటర్ (మూత్రం గొట్టం) వెయ్యడం, అన్నీ మీరే చెయ్యాలి. మొదటి వారం ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. నాకు పని కంటే ఫోన్లో డాక్టరుతో మాట్లాడటం కష్టమనిపించింది. మనకి విషయం మొదటినుంచి చెప్పడం అలవాటు. వాళ్ళకి ఇప్పుడేమైంది, పాత చరిత్ర ఏంటి, నువ్వేం అనుకుంటున్నావు, నీకేం కావాలి, ఈ నాలుగే కావాలి. దాన్నే ఎస్‌బార్ అంటారు. ఫోను చేసేముందు నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకుంటే యాస గురించిన భయం కూడా తగ్గుతుంది.

పెద్దవాళ్ళ మాటకొస్తే, వాళ్ళతో వాదించకండి. 2024లో ఇక్కడ ఆర్ఎన్‌ల మధ్యస్థ జీతం 93,600 డాలర్లని ప్రభుత్వ లెక్క. ఆ అంకె విని కొందరు చల్లబడతారు. చల్లబడనివాళ్ళకి, అమ్మని డయాలసిస్ కుర్చీలో చూసుకున్నది ఎవరో మీరే గుర్తుచెయ్యండి.

జవాబు, మెకిన్నీ నుంచి

పై అక్కగారు అంతా చెప్పారు. మా ఆవిడ ఈ కోర్సు చేసింది కాబట్టి భర్తల వైపు నుంచి నాలుగు మాటలు. ఈ కోర్సులో ఒక్కరే చేరినా ఇల్లంతా చదివినట్టే. వంట, స్కూలు పికప్, బాబుకి జ్వరమొస్తే సెలవు ఎవరు పెట్టాలి, ఇవన్నీ చేరకముందే మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. "చూద్దాంలే" అన్న ఇళ్ళల్లో మధ్యలో మానేసినవాళ్ళని చూశాను. అమ్మగారినో అత్తగారినో పిలిపించాలనుకుంటే విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు. మొదట్లోనే పిలిపిస్తే, క్లినికల్స్ ముమ్మరంగా ఉండే చివరి భాగంలో సాయం ఉండదు. ఆ ఏర్పాటు కుదరకపోతే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ చెయ్యండి. ఫీజు తక్కువ, లైసెన్సు అదే ఆర్ఎన్, ఉద్యోగం చేస్తూ తర్వాత ఆన్‌లైన్‌లో బీఎస్ఎన్ పూర్తి చేసుకోవచ్చు. పేరున్న ఆస్పత్రులు బీఎస్ఎన్ వాళ్ళకే మొగ్గు చూపుతాయన్నది మాత్రం మనసులో పెట్టుకోండి.

జవాబు, హ్యూస్టన్ నుంచి

ఇది చదివే మిగతావాళ్ళ కోసం. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళకి ఈ రెండో డిగ్రీ అక్కర్లేదు. సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (విదేశీ నర్సుల చదువు పరిశీలించే సంస్థ, ఇప్పుడు పేరు ట్రూమెరిట్) లాంటి చోట చదువు ఎవాల్యుయేషన్ చేయించుకుని ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. నేను విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ డిగ్రీతో అలాగే వచ్చాను.

ప్లేనో నుంచి మళ్ళీ

అందరికీ చాలా థాంక్స్. చదువుతుంటే భయమూ వేసింది, ధైర్యమూ వచ్చింది. ఇర్వింగ్ అక్కా, ఒక్క డౌటు. ఈఏడీ వస్తే కోర్సు చేస్తూ పార్ట్ టైం టెస్టింగ్ పని చెయ్యొచ్చా?

ఇర్వింగ్ నుంచి

కోర్సులో ఉండగా వద్దమ్మా. చాలా కాలేజీలు కూడా వద్దనే చెబుతాయి. కానీ ప్రీరిక్విజిట్లు చేస్తున్నప్పుడు, ఈఏడీ చేతికొస్తే, టెస్టింగ్ బదులు సీఎన్ఏ (నర్సింగ్ అసిస్టెంట్) సర్టిఫికెట్ తీసుకుని ఆస్పత్రిలోనో నర్సింగ్ హోమ్‌లోనో కొన్నాళ్ళు చెయ్యండి. కోర్సు కొద్ది వారాలే. జీతం తక్కువ, నడుము నొప్పి ఎక్కువ. అయినా ఈ పని మీకు పడుతుందా లేదా అన్నది 50,000 డాలర్లు కట్టకముందే తెలిసిపోతుంది. పడకపోతే అప్పుడే ఆగిపోవచ్చు, అందులో తప్పేం లేదు.

చదువయ్యాక ఎన్‌క్లెక్స్ గురించి ఇప్పుడే టెన్షన్ పెట్టుకోకండి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి, 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. 85 ప్రశ్నల దగ్గరే కంప్యూటర్ పరీక్ష ఆపేస్తే పాసైనట్టా ఫెయిలైనట్టా అని ఊహించుకోవద్దు, రెండూ జరుగుతాయి. టెక్సాస్ లైసెన్సుకి చట్టాల మీద జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష కూడా ఉంటుంది, అది తేలికే.

ఇప్పుడు చెయ్యాల్సినవి రెండు. జేఎన్‌టీయూ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ నేరుగా ఏజెన్సీకి వెళ్ళాలి, మీరు స్కాన్ చేసి పంపితే కుదరదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడో స్నేహితురాలో ఎవరైనా యూనివర్సిటీకి వెళ్ళి వచ్చేలా ఈ వారమే ఏర్పాటు చేసుకోండి. బయాలజీ 2401లో సాయంత్రం లాబ్ సెక్షన్లు తొందరగా నిండిపోతాయి, ఫాల్ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పెట్టుకోండి. లాబ్ ఆన్‌లైన్‌ది తీసుకోకండి, కొన్ని నర్సింగ్ కాలేజీలు దాన్ని ఒప్పుకోవు.