అప్‌డేట్: ఆఫర్‌ను కాదన్నాను, సార్‌తో అనుబంధం నిలిచింది

గత నెల నేను అడిగిన విషయాన్ని ముందుగా గుర్తుచేస్తాను. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలోని ఒక సంస్థ నాకు క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఉద్యోగం ఇచ్చింది. నన్ను సిఫారసు చేసినవారు నా పాత మేనేజరు గారు. ఇంతలో నాన్నగారికి హైదరాబాదులో వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. సార్ మనసు నొప్పించకుండా ఎలా కాదనాలన్నదే నా ప్రశ్న.

మీలో చాలామంది సూచించినట్టు, హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపకముందే సార్‌కు ఫోన్ చేశాను. తాను మాట ఇచ్చి ఇప్పించిన ఉద్యోగం వద్దంటున్నానన్న సంగతి ఆయనకు మరొకరి ద్వారా తెలిస్తే, అది నా నిర్ణయం కన్నా ఎక్కువగా బాధిస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ముందు నాన్నగారిని చూసుకో అమ్మా, ఆలస్యం చేయకుండా ఈరోజే వాళ్ళకు రాసెయ్" అన్నారు.

ఆ సాయంత్రమే ఇలా రాశాను: "మీరు నాపై ఉంచిన నమ్మకానికి కృతజ్ఞతలు. కుటుంబంలో తలెత్తిన ఆరోగ్య కారణాల వల్ల హైదరాబాదు విడిచి రాలేకపోతున్నాను. ఈ అవకాశాన్ని స్వీకరించలేనందుకు మన్నించగలరు." జీతం ప్రస్తావన గానీ, "తర్వాత చూద్దాం" వంటి ఆశ పెట్టే మాట గానీ చేర్చలేదు. ఆఫర్‌పై సంతకం చేయకముందే, ఇక్కడ రాజీనామా ఇవ్వకముందే చెప్పడం వల్ల వారికి మరొకరిని ఎంచుకునే వ్యవధి దొరికింది.

మర్నాడే మర్యాదగా జవాబు వచ్చింది. నిన్న సార్ స్వయంగా ఫోన్ చేసి నాన్నగారి ఆరోగ్యం గురించి అడిగారు.