పగలు అయ్యే బ్యాకప్ రాత్రి ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న (వరంగల్)

అన్నలూ, ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్ వ్యాపారం) దుకాణంలో కంప్యూటర్ల పని చూస్తాను. ఇప్పుడు పత్తి సీజన్. కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకు బస్తాలు, తూకం, ధర రాసిచ్చే చీటీలు), రైతులకు ఇవ్వాల్సిన డబ్బుల లెక్క అంతా ఒకే విండోస్ సర్వర్‌లో ఉంది. రోజూ రాత్రి 11కి టాస్క్ షెడ్యూలర్‌లో (పెట్టిన టైముకు పనులు నడిపేది) రోబోకాపీ అనే ఫైల్ కాపీ కమాండ్ నడిచి, 40 జీబీ డేటాబేస్ ఫైల్‌ను వెనక గదిలోని నాస్‌లో (నెట్‌వర్క్‌కు తగిలించిన డిస్క్ పెట్టె) వేస్తుంది. నాస్‌ను జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేశాను, అంటే సర్వర్‌లో అది జెడ్ అనే డ్రైవ్‌లా కనిపిస్తుంది.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయి అన్నీ ఒకేసారి ఆగాయి. అప్పటి నుంచి రాత్రి బ్యాకప్ లేదు. లాగ్‌లో 'ఎర్రర్ 3, క్రియేటింగ్ డెస్టినేషన్ డైరెక్టరీ' అని పడుతుంది, 30 సెకన్లకు మళ్లీ అదే. పొద్దున వచ్చి చూసినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అదే బ్యాచ్ ఫైల్ నేను లాగిన్ అయి చేత్తో నడిపితే అవుతుంది, కాకపోతే పది నిమిషాల్లోపు అయ్యేది ఇప్పుడు గంట పడుతోంది. పింగ్ (నాస్ నెట్‌వర్క్‌లో పలుకుతోందా అని చూసే పరీక్ష) వెళ్తోంది. ఐపీ మారలేదు, రౌటర్‌లో రిజర్వ్ చేసి ఉంది.

తక్‌పట్టీ పోగొట్టుకున్న రైతు రేపు వచ్చి నా లెక్క చూపించమంటే, ఈ డిస్క్ పోతే ఏం చూపించాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కరీంనగర్)

తమ్ముడూ, పగలు చేత్తో నడిపితే అవుతోందంటే పోర్టు 445 (విండోస్ ఫైల్ షేరింగ్ వాడేది), పాస్‌వర్డ్, పర్మిషన్ అన్నీ బాగున్నట్టే. వాటిని కదిలించకు. ఒకటి చెప్పు: కరెంటు పోయిన తర్వాత టాస్క్ సెట్టింగ్ ఏమైనా మార్చావా?

ప్రశ్న అడిగినవారు

మార్చాను అన్నా. శుక్రవారం రాత్రి టాస్క్ అసలు నడవలేదు. అందుకే శనివారం 'యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడపాలి' అన్నది పెట్టి, అకౌంట్ సిస్టమ్ (విండోస్ సొంత అకౌంట్) అని ఇచ్చాను.

జవాబు (కరీంనగర్)

అక్కడే ఉంది. మ్యాప్ చేసిన డ్రైవ్ మొత్తం మెషీన్‌ది కాదు, లాగిన్ అయిన మనిషిది. ఇన్నాళ్లూ నీ లాగిన్ తెరిచే ఉండేది కాబట్టి నడిచింది. సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ఎవరూ లాగిన్ కాలేదు, అందుకే శుక్రవారం ఆగింది. సిస్టమ్ అకౌంట్‌కేమో జెడ్ అనేదే లేదు.

బ్యాచ్ ఫైల్‌లో జెడ్ తీసేసి \\192.168.1.50\బ్యాకప్ అని పూర్తి దారి ఇవ్వు. సర్వర్‌లోనూ నాస్‌లోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో బ్యాకప్ కోసమే ఒక యూజర్‌ను పెట్టి, టాస్క్ ఆ పేరు మీద నడిపించు. ఆ పాస్‌వర్డ్ కౌంటర్ కంప్యూటర్లలో ఎక్కడా సేవ్ చేయకు. వాటిలోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే నాస్‌ను కూడా తినేస్తుంది.

ఇంకోటి, రోబోకాపీకి మనం చెప్పకపోతే 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి. తెల్లారేదాకా తిరగడం అందుకే. /R:3 /W:10 పెట్టు, అంటే మూడుసార్లే మళ్లీ ప్రయత్నించి, ప్రతిసారీ 10 సెకన్లు ఆగుతుంది.

జవాబు (హన్మకొండ)

గంట సంగతి వేరే. 40 జీబీకి గంట అంటే సెకనుకు 11 ఎంబీ, 100 ఎంబీపీఎస్ లింక్‌లో వచ్చేది సరిగ్గా అంతే. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. 100కి అక్కర్లేని జతల్లో ఒకటి తెగినా పింగ్ బాగానే వెళ్తుంది, స్పీడ్ మాత్రం పడిపోతుంది. ఎడాప్టర్ స్టేటస్‌లో స్పీడ్ చూడండి, స్విచ్ నుంచి నాస్‌కు వెళ్లే కేబుల్ కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

సర్వర్ వైపు 1 జీబీపీఎస్ ఉంది. నాస్ వైపు 100. గోడ పక్కన బస్తాల వెనక కేబుల్‌ను ఎలుక కొరికింది. పై తొడుగు పోయి గోధుమరంగు జతలో ఒక తీగ తెగి ఉంది. నాస్ పోర్టులో పత్తి నూగు కూడా పేరుకుంది, మెత్తటి బ్రష్‌తో తీశాను. కొత్త కేబుల్ పీవీసీ పైపులో వేసి పైనుంచి తెచ్చాను.

సర్వర్‌లో లాగౌట్ చేసి ఇంటికి వెళ్లాను. రాత్రి 11కి మొదలై 11:07కి అయిపోయింది. ఈ పొద్దున ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, శుక్రవారం ఉదయం కాంటా అయిన ఒక రైతు తక్‌పట్టీ తెరిచాను. బస్తాలు, తూకం, ధర అన్నీ కాగితంతో సరిపోయాయి.