పక్షవాతం తర్వాత నాన్నకి నిద్ర లేదు, ఆర్‌టీఎంఎస్ చేయించవచ్చా?

మా నాన్నగారికి పోయిన శ్రావణంలో పక్షవాతం వచ్చింది, ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీతో నడక కాస్త దారిలో పడింది గానీ రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. రెండింటికే లేచి కూర్చుని టైమెంత, టైమెంత అని అమ్మని అడుగుతూనే ఉంటారు, పొద్దున ఫిజియో అబ్బాయి వచ్చేసరికి కుర్చీలోనే కునికిపాట్లు. నిద్ర మాత్ర వేస్తే మధ్యాహ్నం దాకా మత్తు, ఒకసారి బాత్రూమ్‌లో పడబోయారు కూడా. ఇప్పుడు ఒక సెంటర్ వాళ్లు తలకి అయస్కాంతంతో ఆర్‌టీఎంఎస్ చేస్తాం, ప్యాకేజీ తీసుకోండి అంటున్నారు. అమ్మేమో కరెంట్ షాక్ పెడతారట, వద్దంటే వద్దంటోంది. ఎవరైనా చేయించారా?

రీహాబ్_ఫిజియో: షాక్ ట్రీట్‌మెంట్ వేరు, ఇది వేరు అని అమ్మగారికి చెప్పండి. మత్తు ఇవ్వరు, మనిషి మెలకువగానే కూర్చుంటారు. తలకి అయస్కాంతపు తీగచుట్ట (కాయిల్) ఆనిస్తారు, టక్ టక్‌మని గట్టిగా చప్పుడొస్తుంది, అందుకే చెవుల్లో ప్లగ్స్ పెడతారు. మొదటిరోజు బొటనవేలు ఎంత పవర్‌కి అదురుతుందో చూసి దాన్నిబట్టి డోసు పెడతారు. నిద్ర కోసమైతే ఎక్కువగా నుదుటికి కుడిపక్క, సెకనుకి ఒక అయస్కాంత పల్స్ చొప్పున ఇస్తారు, అంత నెమ్మదిగా ఇస్తే అక్కడి చురుకుదనం తగ్గుతుంది. మీ నాన్నగారికి ఎడమ పక్క పడిపోయిందంటే దెబ్బ తగిలింది కుడి మెదడుకే కాబట్టి ఎక్కడ పెట్టాలో స్కాన్ చూసి న్యూరాలజిస్టే చెప్పాలి, సెంటర్లో టెక్నీషియన్ కాదు. స్ట్రోక్ తర్వాత ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పండి. అరుదే గానీ దీనివల్ల ఫిట్స్ రావచ్చు.

విజయవాడ_అమ్మాయి: మా అమ్మకి చేయించాం. మొదట్లో కాస్త తలనొప్పి, అంతకుమించి ఇబ్బంది లేదు. నిద్ర కొంచెం మెరుగైంది, కానీ అదే సమయంలో పగటి నిద్ర మాన్పించాం, సాయంత్రం టీ ఆపేశాం, మరి ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి!

ప్యాకేజీ_వద్దు: డబ్బు కట్టేముందు ఒక్క మాట. మీ నాన్నగారు గురక పెడతారా? పక్షవాతం వచ్చినవాళ్లలో సగం మందికి పైగా నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉంటుంది, ఆగినప్పుడల్లా మెలకువ వస్తుంది. అదే కారణమైతే అయస్కాంతం ఏం చేస్తుంది? దానికి నిద్రలో మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషిన్ కావాలి. కొన్ని నిద్ర మాత్రలు ఆప్నియాని ఇంకా పెంచుతాయి కూడా. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లో ఆర్‌టీఎంఎస్ పద్ధతికి అనుమతిచ్చింది డిప్రెషన్‌కి, నిద్రకి కాదు. స్ట్రోక్ తర్వాత నిద్ర మీద పరీక్షలు ఎక్కువగా చైనాలో జరిగాయి, ఫలితాలు బాగానే కనిపిస్తున్నా చాలావరకు చిన్నవి. గ్యారంటీ అన్నవాణ్ని మాత్రం నమ్మకండి. అసలు స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ కూడా మామూలే, తెల్లవారుజామున లేచి కూర్చోవడం దాని లక్షణమే కావచ్చు, అదీ అడగండి.

అడిగినవారు: గురకా? పక్కింటికి వినిపిస్తుందండి! మధ్యలో ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తారని అమ్మ ఇప్పుడే చెప్పింది. అయితే ముందు నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, స్లీప్ స్టడీ రాయమని డాక్టర్ని అడుగుతాను. ఇంకొకటి, నాన్నకి గుండెలో స్టెంట్ ఉంది, తర్వాత ఇది చేయించాల్సి వస్తే ప్రమాదమా?

రీహాబ్_ఫిజియో: గుండె స్టెంట్ కాయిల్‌కి దూరం కాబట్టి మామూలుగా అడ్డు కాదు. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి ఆపరేషన్‌లో వేసిన లోహపు క్లిప్, వినికిడి కోసం చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, ఇలాంటివాటితోనే చిక్కు. అయినా స్టెంట్ కాగితాలు పట్టుకెళ్లి చూపించండి.