అప్‌డేట్: మా గుంటడిది ఆటిజమా, యాక్సిడెంట్ భయమా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే అండి, గాజువాక దగ్గర వాళ్ళ నాన్న బండిని ఆటో గుద్దేసిన దగ్గర్నుంచి మా నాలుగేళ్ళ బాబు మాటలు తగ్గించేసి, హారన్ వినపడితే చెవులు మూసుకుని, పిలిచినా తిరక్కుండా బొమ్మకార్లు వరసగా పేరుస్తున్నాడని. డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కి (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) చూపించాం. ముందు వినికిడి టెస్ట్ చేయించారు, నార్మలే.

తర్వాత మేడమ్ పాత ఫోన్ వీడియోలు అడిగారు. ఏడాదిన్నరప్పుడు ఆర్కే బీచ్‌లో తీసింది ఒకటుంది, దూరంగా షిప్పు కనపడగానే వేలు పెట్టి చూపించి, వెంటనే వెనక్కి తిరిగి నా మొహంలోకి చూస్తాడు, అమ్మ కూడా చూసిందా లేదా అని. అలా చూపించి నాతో పంచుకోవడం అప్పటికే ఉందా అని మేడమ్ అది మూడుసార్లు ప్లే చేశారు. ఆటిజం అయితే తేడాలు చిన్నప్పటి నుంచే ఉంటాయట, కొందరికి ఏడాదిన్నర, రెండేళ్ళప్పుడు వచ్చిన మాటలు పోతాయట, కానీ మూడేళ్ళు దాటేదాకా బాగుండి ఒక్క సంఘటనతో మారితే ముందు భయం వైపు చూడాలన్నారు. ఇంకోటి, కార్లు పేర్చాక చివర్లో ఆటో బొమ్మ తెచ్చి గుద్దిస్తాడు, ప్రతిసారీ అదే. ఇన్నాళ్ళూ నేను గమనించనే లేదు, తల్చుకుంటే ఏడుపొస్తోంది.

సరైన ఆలనాపాలనా లేని రొమేనియా అనాథాశ్రమాల నుంచి బ్రిటన్‌కి దత్తత వెళ్ళిన పిల్లల్లో కొందరికి ఆటిజంలాంటి లక్షణాలే కనపడ్డాయని మైకేల్ రట్టర్ అనే బ్రిటన్ పిల్లల సైకియాట్రిస్టు వాళ్ళు 1999లో రాశారట, కొందరిలో తర్వాత తగ్గాయట. అలాగని ఆటిజం, భయం రెండూ కలిసి ఉండకూడదనీ లేదు, అందుకే ఆరు నెలలకి మళ్ళీ చూస్తారు.

ప్లే థెరపీ (ఆటల ద్వారా చేసే చికిత్స) మొదలై మూడు వారాలైంది. మొన్న ఆటో బొమ్మని గుద్దించకుండా పక్కన ఆపి, "నాన్నా, మెల్లగా" అన్నాడు.